హిస్మా ఇసుకలో రెండు పాత బళ్ళు

తబూక్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళ మాటలు బళ్ళ మీదికి మళ్ళుతాయి. ఒకరు ల్యాండ్ క్రూయిజర్ అంటారు, ఇంకొకరు పాట్రోల్ అంటారు. కొత్తవి కావు సుమండీ, కొత్తవి మన జీతాలకి అందవు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ నాటి బళ్ళ గురించే ఈ రభసంతా. మా ఆడవాళ్ళం గిన్నెలు సర్దుకుంటూ వింటూ ఉంటాం. ఈ వ్యాసం ఆ వంటగది వైపు నుంచి రాస్తున్నాను.

పాతకాలపు స్పోర్ట్స్ కారు అంటే మీలో చాలామందికి నేలకి ఆనుకుని, రెండే తలుపులతో ఉండే పోర్షే, మస్టాంగ్ గుర్తొస్తాయి. ఇక్కడి కుర్రాళ్ళు శుక్రవారం పొద్దున ముద్దుగా తుడుచుకునే పాత బండి మాత్రం నిచ్చెన మెట్టు లాంటిది ఎక్కి కూర్చోవాల్సిన పెద్ద బండి. దాన్ని ఇసుక దిబ్బ ఎక్కించడమే ఈ ఊరి ఆట. దిబ్బ కొసకి ఎవరు ముందు చేరతారన్న దాని మీద అన్నదమ్ములు కూడా పందేలు కాసుకుంటారు. అభిమానులు కూడా రెండు పార్టీలే, మన దగ్గర ఇద్దరు పెద్ద హీరోలకి ఉన్నట్టు.

మ్యాపులో చూస్తే తబూక్ సౌదీకి వాయవ్య మూల ఉంటుంది. పైకి వంద కిలోమీటర్లు వెళితే జోర్డాన్ సరిహద్దు, పడమటికి రెండు రెండున్నర గంటలు వెళితే ఎర్ర సముద్రం. ఊరు సముద్రమట్టానికి దాదాపు 770 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే మన హైదరాబాదు కంటే ఎత్తు. సౌదీ అనగానే మండే ఎండే అనుకుని వచ్చినవాళ్ళు మొదటి జనవరిలోనే రగ్గులు కొనుక్కోవడానికి పరుగెడతారు. ఊరికి పడమట ఉన్న జబల్ అల్ లౌజ్ మీద కొన్ని చలికాలాల్లో మంచు కూడా కురుస్తుంది. లౌజ్ అంటే బాదం. రెండున్నర వేల మీటర్లు దాటిన ఆ బాదం కొండ మీద మంచు పడిందని కబురొస్తే ఊళ్ళో సగం మంది అటే బయలుదేరతారు, ఫ్లాస్కుల్లో టీ పోసుకుని.

ఊళ్ళో చూడాల్సినవి ఒక పూటలో అయిపోతాయి. 1559లో ఒట్టోమన్లు కట్టించిన కోట, 1908లో మదీనా చేరిన హిజాజ్ రైలుమార్గం తాలూకు పాత స్టేషను. ఆ తర్వాత మిగిలేవి మాల్స్. అసలు తబూక్ ఊరి బయట ఉంది. జోర్డాన్‌లోని వాడి రమ్ మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ తీసిందీ, అంగారక గ్రహమని చెప్పి ‘ద మార్షియన్’ తీసిందీ అక్కడే. ఆ ఎర్ర ఇసుకా, ఆ ఇసుకరాతి గోపురాలూ సరిహద్దు దగ్గర ఆగిపోలేదు, ఇటు సౌదీలోకి కూడా వచ్చాయి. ఇటు వైపు దాని పేరు హిస్మా. దక్షిణాన వాడి దీసా ఉంది. రెండు పక్కలా నిలువెత్తు రాతి గోడలు, మధ్యలో ఖర్జూర చెట్లు, రెల్లు, పారే నీళ్ళు. మొదటిసారి చూసినప్పుడు ఎడారిలో ఎవరో కోనసీమ ముక్క మరచిపోయి వెళ్ళారనిపించింది.

ఇవేవీ మామూలు కారుతో చూడలేం. దీసా దారిలో కాసేపు మెత్తటి ఇసుక, కాసేపు మోకాలెత్తు నీళ్ళు, కాసేపు గుండ్రాళ్ళు. అక్కడి బెదూయిన్లు తమ పికప్పుల్లో తిప్పి చూపిస్తారు. షాస్ అంటారు వాటిని, అవి కూడా ల్యాండ్ క్రూయిజర్లే. ఒకటి రెండుసార్లకి అది సరదాగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండి, పిల్లలు ప్రతి సెలవుకీ ఏదో ఒక దిబ్బ పేరు చెబుతుంటే, సొంత బండి లేకుండా కుదరదు.

ఇక ఈ కబుర్లు వంటగది దాకా రావడానికి కారణం 2018. ఆడవాళ్ళు బండి నడపవచ్చని 2017 సెప్టెంబరు 26న రాజాజ్ఞ వచ్చింది, 2018 జూన్ 24న అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళ కోసం డ్రైవింగు స్కూళ్ళు ముందుగా తెరిచిన నగరాల్లో రియాద్, జెడ్డా, దమ్మామ్, మదీనాతో పాటు తబూక్ కూడా ఉంది. అంతకుముందు బండి ఏది కొన్నా మాకు ఒకటే, వెనక సీట్లో ఏసీ వస్తోందా లేదా అన్నంత వరకే మా అభిప్రాయం. ఇప్పుడు ముందు సీటు కూడా మాదే.

నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నేను చేసిన లెక్క అర్థం కాదు. మా వారికి ఏడేళ్ళుగా షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. ఒక్కోసారి ఉన్నట్టుండి పడిపోతుంది. ఇంట్లో అయితే గ్లూకోజు ఇచ్చి పడుకోబెడతాం. హిస్మాలో, ఫోను సిగ్నలు లేని చోట, సూర్యుడు కొండల వెనక్కి జారిపోతుంటే? అందుకని బండి మాట ఎత్తినప్పుడల్లా నా ప్రశ్న ఒక్కటే: ఆ పూట స్టీరింగు నా చేతికొస్తే, ఇద్దరు పిల్లలనీ, పక్క సీట్లో ఆయననీ పెట్టుకుని నేను ఒక్కదాన్నే ఈ బండిని ఇంటికి చేర్చగలనా? హార్స్‌పవర్ లెక్కలు ఆ తర్వాత.

ముందు ఈ రెండు బళ్ళ పుట్టుపూర్వోత్తరాలు. రెండూ జపాన్‌లో 1951లోనే పుట్టాయి, అమెరికన్ జీపుని చూసి. టొయోటా బండికి అప్పటికి ల్యాండ్ క్రూయిజర్ అన్న పేరు లేదు, అది 1954లో పెట్టారు. పుట్టిన ఏడాదే కంపెనీ టెస్టు డ్రైవరు ఇచిరో తైరా దాన్ని ఫ్యూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కించాడు. గుర్రాలూ మనుషులూ తప్ప బండి వెళ్ళని చోటది. సౌదీలోకి టొయోటాలు 1955 నుంచి వస్తున్నాయి, జెడ్డాకి చెందిన అబ్దుల్ లతీఫ్ జమీల్ సంస్థ ద్వారా. మూడు తరాలుగా చూస్తున్న బండి కాబట్టి ఇక్కడి ముసలాయనలకి అది దాదాపు ఇంటి ఒంటె.

నిస్సాన్ పాట్రోల్ కథలో నాకు నచ్చే భాగం ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి సింప్సన్ ఎడారిలో ఒకదాని వెనక ఒకటి, ఎర్ర ఇసుక దిబ్బలు వందల్లో ఉంటాయి. దాన్ని మొదటిసారి మోటారు బండిలో దాటింది సైన్యం కాదు, పందెం వీరులు కాదు, ఒక కుటుంబం. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్, ఆయన భార్య గ్రిసెల్డా, వాళ్ళ ఇద్దరు పిల్లలు, ఒక నిస్సాన్ పాట్రోల్. తర్వాత ఆ ప్రయాణాల గురించి గ్రిసెల్డా ఒక పుస్తకం రాసింది. పిల్లల అన్నాలూ నిద్రలూ చూసుకుంటూ దిబ్బలు దాటిన ఆ తల్లి సంగతి తెలిసిన దగ్గర్నుంచి, ‘ఇది ఆడవాళ్ళ బండి కాదండీ’ అనే మాట ఎవరన్నా నాకు నవ్వొస్తుంది.

పాట్రోల్ మనకీ చుట్టమే. జబల్పూరు ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం తయారైన జోంగా మీలో సైనిక కుటుంబాల వాళ్ళకి బాగా తెలుసు. 1969 నుంచి 1999 దాకా నిస్సాన్ లైసెన్సు మీద చేసిన పాట్రోలే అది. మన క్రికెటర్ ధోనీ 2019లో ఒక పాత జోంగా కొనుక్కుంటే పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. సికింద్రాబాదు కంటోన్మెంటులో పెరిగిన మా చిన్నాడపడుచు ఇక్కడికొచ్చి పాట్రోల్ చూసి, ‘ఇది మా జోంగా పెద్దన్నయ్యలా ఉందే’ అంది.

సరే, ఇప్పటి బళ్ళు. ఇక్కడ పాత ల్యాండ్ క్రూయిజర్ అంటే చాలామంది దృష్టి 80 సిరీస్ మీద ఉంటుంది, 1990 నుంచి 1997 దాకా వచ్చినది. గుండ్రటి భుజాలు, బరువైన తలుపులు. పాట్రోల్‌లో అందరూ వెతికేది వై61, 1997లో వచ్చినది, అందులోనూ 2000 తర్వాతి 4.8 లీటర్ల ఇంజను ఉన్నది. 2010లో కొత్త తరం వచ్చినా గల్ఫ్‌లో ఈ పాతదాన్ని సఫారీ, సూపర్ సఫారీ పేర్లతో అమ్ముతూనే వచ్చారు. జనం వదల్లేదు మరి. అరబ్బీలో ‘ప’ లేదు కాబట్టి ఇక్కడివాళ్ళు బాత్రోల్ అంటారు. మనవాళ్ళు పెట్రోల్ అనేస్తారు. అది తాగే పెట్రోలు చూస్తే ఆ పేరే సరిపోయిందనిపిస్తుంది.

ఎముకల వరకు చూస్తే రెండూ ఒకటే. ఆరు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజను, నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా గట్టి ఇరుసులు, కాయిల్ స్ప్రింగులు. తేడా బలంలో ఉంది. 80 సిరీస్‌లోని 4.5 లీటర్ల ఇంజనుది రెండు వందల పైచిలుకు హార్స్‌పవర్. పాట్రోల్ 4.8 లీటర్ల ఇంజనుది 280. ఇనుప బ్లాకుతో ఎంత గట్టిగా చేశారంటే, గల్ఫ్ కుర్రాళ్ళు దానికి టర్బోలు బిగించి వేల హార్స్‌పవర్ దాకా తీసుకెళ్ళి పందేలు ఆడతారు. దిబ్బ ఎక్కడం ఒక్కటే పరీక్ష అయితే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది, పాట్రోల్ గెలిచేది.

నవంబరులో ఒక శుక్రవారం రెండూ పక్కపక్కన హిస్మాలో నడిపి చూశాం. పాట్రోల్ మా వారితో పనిచేసేవారిది, గేర్ల బండి. ల్యాండ్ క్రూయిజర్ దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక జోర్డాన్ మాష్టారిది, ఆటోమేటిక్. రెండూ అమ్మకానికే. తోడుగా నిజామాబాదు వదిన వాళ్ళ బండి. ఎడారిలోకి ఎప్పుడూ ఒంటరి బండితో దిగకూడదన్నది ఇక్కడ అందరూ పాటించే మొదటి నియమం.

తారు రోడ్డు వదలగానే చేసే పని టైర్లలో గాలి దించడం. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండేది ఇసుకలో 15 నుంచి 18 మధ్యకి తెస్తారు. టైరు కింద పాదం వెడల్పవుతుంది, పొడవవుతుంది, ఒంటె పాదంలాగ. గాలి దించని బండి ఎంత బలమైనదైనా గరిటె పెట్టి తవ్వినట్టు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. గాలి దించాక స్టీరింగు గట్టిగా కోయకూడదు, టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు కంప్రెసరుతో గాలి కొట్టుకోవాలి. ఆ కంప్రెసరు, రెండు పారలు, చక్రాల కింద వేసే పలకలు, లాగే తాడు, మనిషికి రోజుకి కనీసం ఐదు లీటర్ల నీళ్ళు. ఏ బండి కొన్నా ఈ సామాను ఖర్చు కలుపుకునే లెక్క వేసుకోండి.

పాట్రోల్ ముందు మా వారు నడిపారు. రెండంతస్తుల ఎత్తు దిబ్బని అది సగం కాలితోనే ఎక్కేసింది. వెనక సీట్లో పిల్లలు ఈలలు. తర్వాత నా వంతు. క్లచ్చు మీద కాలు పెట్టగానే తెలిసింది, ఇది కాలితో కాదు తొడతో నొక్కే క్లచ్చు. మెత్తటి ఇసుకలో గేరు మార్చే ఒక్క క్షణం బండి వేగం చచ్చిపోతుంది. ఇసుకలో వేగం చావడమంటే కూరుకుపోవడమే. అందుకే ఏ గేరులో ఎక్కాలో ముందే తేల్చుకుని ఎక్కాలి. పైగా పాట్రోల్‌లో మామూలుగా వెనక చక్రాలే తిరుగుతాయి, నాలుగూ తిరగాలంటే లివరు వెయ్యాలి. కొన్నిటికి ముందు చక్రాల మధ్యలో ఉన్న హబ్బుల్ని కిందికి దిగి చేత్తో తిప్పాలి. తారు రోడ్డెక్కగానే మళ్ళీ తియ్యాలి, లేకపోతే గేర్ల పెట్టె మీద భారం పడుతుంది. అలవాటున్న చేతికి ఇదంతా లెక్కలోది కాదు. నిజామాబాదు వదినది గేర్ల పాట్రోలే. ఊళ్ళో ట్రాక్టరు నడిపిన చెయ్యి ఆమెది. దిబ్బ మీద ఆమెని చూస్తే ఆ బండి ఆమె కోసమే పుట్టిందనిపిస్తుంది. నాకేమో పక్క సీట్లో ఆయన కళ్ళు తేలేసి ఉండగా, వెనక పిల్లలు ఏడుస్తుండగా ఇవన్నీ వరసగా గుర్తొస్తాయా అన్నది ప్రశ్న.

ల్యాండ్ క్రూయిజర్ నెమ్మదిగా ఎక్కింది. అదే దిబ్బకి రెండుసార్లు వెనక్కి రావాల్సి వచ్చింది. ఎక్కలేకపోయినప్పుడు నిటారుగా రివర్సులో దిగాలి, భయపడి అడ్డంగా తిప్పితే బండి పల్టీ కొడుతుంది. ఈ మాట మీ పిల్లలకి కూడా చెప్పి ఉంచండి. కానీ మేం చూసిన ఆ బండికి నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. 80 సిరీస్ అన్నిటికీ ఇలా ఉండదు, కొనేముందు కనుక్కోవాలి. లివరు లో రేంజిలోకి లాగితే మధ్య డిఫరెన్షియల్ దానంతటదే లాక్ అయిపోతుంది. నేను చెయ్యాల్సిందల్లా కాలు నిలకడగా ఉంచడం. రాళ్ళ వాగులోకి దించితే ఇంకా బాగా తెలిసింది. మనింట్లో పెద్దావిడ మెట్లు దిగినట్టు, ఒక్కో రాయీ చూసుకుని దిగింది.

స్టెప్నీ విషయంలో పాట్రోల్‌దే పైచేయి. దానికి వెనక తలుపు మీదే ఉంటుంది. 80 సిరీస్‌కి వెనక భాగం కింద, పొట్టకి కట్టినట్టు ఉంటుంది. రాడ్డు తిప్పితే గొలుసు మీద కిందికి దిగుతుంది. బండి పొట్ట ఇసుకకి ఆనుకుని కూరుకుపోతే అది బయటికి రాదు. చక్రం బరువు ముప్ఫై కిలోల పైమాటే. ఇంట్లో బియ్యం బస్తా జరిపిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఎత్తకూడదు, దొర్లించాలి.

ఇక సనయ్యా. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఆ మాట చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతాను. ఊరి చివర మెకానిక్కు షెడ్లన్నీ ఉండే పేట అది. హిందీ, ఉర్దూ, అరబ్బీ కలిసిన ఒక భాష అక్కడ నడుస్తుంది. ఒకప్పుడు ఆడవాళ్ళు అటు వెళ్ళేవాళ్ళు కాదు. నేను వెళ్ళి ఉస్తాద్ పక్కన నిలబడి ప్రతి మూతా తీయించి చూశాను. మొదట ఆయన మా వారి వైపు తిరిగి సమాధానం చెప్పేవాడు. మూడో ప్రశ్న నుంచి నా వైపు తిరిగాడు.

పాత బండి కొనేటప్పుడు ఆయన చూపించినవి కొన్ని రాస్తాను, ఏ దేశంలో ఉన్నా మీకు పనికొస్తాయి. ఇంజను ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడాలి. అక్కడ మజ్జిగ మీగడలా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు, హెడ్ గాస్కెట్టు పోయి ఉండొచ్చు. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. గీతలు లోతుగా కొత్తగా కనిపిస్తున్నా, ఈ ఎండల్లో పాత రబ్బరు లోపల పగిలి ఉంటుంది. బండి కిందికి వంగి ఛాసిస్ తుప్పు చూడాలి. సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బండికి ఉప్పు గాలి తగిలి ఉంటుంది. తబూక్ పొడి గాలిలో తిరిగినది ఆ విషయంలో నయం.

ఈ రెండిట్లో దేని జబ్బులు దానివి. 80 సిరీస్‌కి భయమంతా వేడితో. ఇంజను వెనక, చెయ్యి దూరని మూలలో, హీటరుకి వేడినీళ్ళు తీసుకెళ్ళే చిన్న రబ్బరు గొట్టం ఒకటుంటుంది. చూడ్డానికి బొటనవేలంత. ముప్ఫై ఏళ్ళకి అది ఎండిపోయి చిట్లితే నీళ్ళన్నీ కారిపోతాయి, డ్రైవరు చూసుకోకపోతే ఇంజను ఉడికిపోతుంది. ప్రపంచమంతా ల్యాండ్ క్రూయిజర్ అభిమానులు తిట్టుకునే గొట్టం అది. మందు కూడా తేలికే. కొన్న వెంటనే రేడియేటరు, అన్ని రబ్బరు గొట్టాలు, థర్మోస్టాటు, ఫ్యాన్ క్లచ్చు ఒకేసారి మార్పించేస్తే మళ్ళీ చాలా ఏళ్ళు చూడక్కర్లేదు. దారిలో సూది పైకి పోతుంటే ఏసీ ఆపి హీటరు పూర్తిగా పెట్టాలి. మనం ఉడుకుతాం, ఇంజను బతుకుతుంది. ఆగాక రేడియేటరు మూత మాత్రం వేడి మీద తియ్యకూడదు, కుక్కరు మూత సంగతి మనకి తెలిసిందే కదా.

పాట్రోల్ ఇంజను మొండిది. టైమింగు చెయిను ఉంటుంది కాబట్టి బెల్టు మార్పించే గొడవ లేదు. 80 సిరీస్ పెట్రోలు ఇంజనుకి కూడా చెయినే. పాట్రోల్‌తో భయం ఇంజను కాదు, పాత యజమాని. దిబ్బల పందేలకి వాడి, టర్బో తీసేసి, మామూలు బండిలా ముస్తాబు చేసి అమ్మేవాళ్ళు ఉంటారు. బానెట్ కింద ఏ పనీ లేని బ్రాకెట్లు, వెల్డింగు మరకలు, డాష్‌బోర్డు మీద పూడ్చిన చిల్లులు కనిపిస్తే మర్యాదగా సలాం చెప్పి వచ్చెయ్యడమే. ఇంకొకటి, గట్టి ఇరుసు బళ్ళలో బుష్‌లు అరిగితే రోడ్డు మీద వేగంలో ఉండగా చిన్న గతుకు తగిలినా స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. పాట్రోల్‌కి ఆ పేరు ఎక్కువ, 80 సిరీస్‌కీ లేకపోలేదు. అలా వణికినప్పుడు బ్రేకు తొక్కకుండా, స్టీరింగు గట్టిగా పట్టుకుని వేగం దానంతటదే తగ్గనివ్వాలి. మేము రెండిటినీ హైవే మీద వంద దాటించి చూశాకే మాట్లాడాం.

విడిభాగాలకి రెండిటికీ దిగులు లేదు. తబూక్ లాంటి ఊళ్ళో అది చిన్న విషయం కాదు. కంపెనీ షాపులో లేనిది తష్లీహ్‌లో దొరుకుతుంది, అంటే పాత బళ్ళు విప్పి అమ్మే యార్డు. పెట్రోలు సంగతికొస్తే రెండూ లీటరుకి ఐదారు కిలోమీటర్లకి మించి ఇవ్వవు. 91 రకం ధరని 2021 జులైలో లీటరు 2.18 రియాళ్ళ దగ్గర ఆపారు. ఆ లెక్కన దీసా వెళ్ళి రావడానికి రమారమి నాలుగు వందల కిలోమీటర్లు అనుకుంటే నూట అరవై రియాళ్ళ పైన. సెలవు రోజుల బండికి అది పరవాలేదు. రోజూ పిల్లల్ని బడికి దింపడానికి ఇంకో చిన్న కారు ఉండాల్సిందే. మన ఇకామా మీద రెండు బళ్ళకి మించి పేరు మీద ఉంచరు, అది గుర్తుపెట్టుకోండి. కొనేముందు మోజజ్‌లో బండి చరిత్ర రిపోర్టు తీసుకోవడం, ఫహస్ గడువు, ఇస్తిమారా గడువు చూసుకోవడం, పేరు మార్పిడి అబ్షర్‌లో పూర్తయ్యాకే డబ్బు చేతులు మారడం. ఇవి ఎంత స్నేహితులతోనైనా అంతే.

మేము ల్యాండ్ క్రూయిజరే తీసుకున్నాం. దిబ్బ పందెంలో ఓడిపోయే బండి అని తెలిసే తీసుకున్నాం. మా వారికి మొదటి నెలంతా మొహం చిన్నబోయి ఉండేది. పాట్రోల్ కొన్న వాళ్ళు ఫొటోలు పంపినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టేవారు. బేరంలో తగ్గించిన డబ్బుకి ఇంకొంత కలిపి రేడియేటరు, గొట్టాలు మార్పించాను. ఉస్తాద్ ఆ బొటనవేలంత గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. వంచితే అప్పడంలా విరిగింది. పెట్రోలు మూత పక్కన ఒక చీటీ అంటించాను: గాలి దించు, లో రేంజి, హీటరు, రెండో తెల్ల డబ్బాలో గ్లూకోజు. పెద్దాడికి పదకొండేళ్ళు. టైర్లలో గాలి కొలవడం వాడి పని. చిన్నదానికి నాన్న మాట తడబడితే నాకు చెప్పడం పని, అది ఆ పనిని మహా సీరియస్‌గా చేస్తుంది. ఆయన ఆవులించినా చెబుతుంది.

వానలు పడే నెలల్లో ఒక్క జాగ్రత్త. వాగు అడుగున ఎప్పుడూ గుడారం వెయ్యకండి. 2013 జనవరిలో ఈ ఊళ్ళో వచ్చిన వరదలు ఇక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా, యాభై కిలోమీటర్ల అవతల కొండల్లో పడిన వాన వాగులోంచి వస్తుంది. అప్పుడు బండి ల్యాండ్ క్రూయిజరా, పాట్రోలా అని నీళ్ళు అడగవు.

‘ఇండియా తీసుకుపోవచ్చుగా అక్కా’ అని గుంటూరు నుంచి మా తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంటాడు. కుదరదు. వాడిన కారు దిగుమతి చెయ్యాలంటే మన దేశంలో అది మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. ఇది ముప్ఫై ఏళ్ళ ఎడమచేతి బండి. ఇక్కడే పుట్టినట్టు బతికి, ఇక్కడే ఉండిపోతుంది. మేము ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకునే రోజు ఎప్పుడో మాకే తెలియదు గానీ, ఈపాటికే ముగ్గురు అడిగి ఉంచారు, వెళ్ళేటప్పుడు మాకే చెప్పమని. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు.